పన్ను ఊడితే ముందు పాల ప్యాకెట్ తెండి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఫోన్లు ఎత్తేది కూడా నేనే. వేసవి సెలవులు మొదలైతే చాలు, సాయంత్రం పూట ఫోన్లన్నీ ఒకే తీరుగా వస్తాయి. "మేడమ్, బాబు సైకిల్ మీంచి పడ్డాడు, ముందు పన్ను ఊడిపోయింది, నోరంతా రక్తం!" వెనకాల పిల్లాడి ఏడుపు, వాళ్ల నానమ్మ కేకలు.

తలకు దెబ్బ తగిలిందా, స్పృహలో ఉన్నాడా, వాంతులు అయ్యాయా అని అడుగుతాను. వీటిలో ఏది తేడాగా ఉన్నా పన్ను సంగతి తర్వాత, ముందు 108కి ఫోన్ చేయమంటాను. అవేవీ లేకపోతే వెంటనే అడిగేది ఒక్కటే: "పన్ను ఎక్కడుంది?"

చాలామంది దాన్ని వెతకరు. దొరికినవాళ్లు పంపు కింద పెట్టి బాగా రుద్ది కడిగి, టిష్యూలో చుట్టి జేబులో వేసుకొస్తారు. శుభ్రంగా తేవాలనే వాళ్ల ఆరాటం, పాపం. కానీ ఆ పన్ను వేరును దగ్గరగా చూడండి. తడితడిగా, లేత గులాబీ రంగులో సన్నటి పొర అంటుకుని ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచే కణాలు అందులోనే ఉంటాయి. రుద్దితే ఊడిపోతాయి, ఆరితే చచ్చిపోతాయి. మంచినీళ్లలో నానబెట్టినా ఉబ్బి పగిలిపోతాయి.

అందుకే పన్నును పైన తెల్లగా కనిపించే భాగంతోనే పట్టుకోవాలి. మట్టి అంటితే పాలతో గానీ, కొద్ది సెకన్లు నీళ్లతో గానీ తొలిపితే చాలు. పిల్లాడు చెప్పిన మాట వినే వయసువాడైతే, పన్నును సరైన వైపు తిప్పి దాని గుంతలోనే మెల్లగా కూర్చోబెట్టి, శుభ్రమైన కర్చీఫ్ కొరికి పట్టుకోమనాలి. వినడానికే భయంగా ఉంటుందని తెలుసు. కానీ అన్నిటికంటే మంచి పద్ధతి అదే. ధైర్యం చాలకపోతే పాలలో వేయండి. చల్లటి మామూలు పాలు. మన ఊళ్లో ఏ గల్లీ చివర కిరాణా షాపులోనైనా దొరుకుతాయి.

పోయినేడు సరూర్‌నగర్ నుంచి ఒక ఆటో అన్న వాళ్ల పాపను తీసుకొచ్చాడు. చేతిలో అరలీటరు పాల ప్యాకెట్, మూల కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి ఉంది. పన్ను అందులో ఉంది. కిరాణా షాపు అక్క చెప్పిందట. మా డాక్టర్ మేడమ్ దాన్ని గుంతలో కూర్చోబెట్టి, సన్నటి తీగతో పక్కపళ్లకు కట్టారు. రెండు వారాల తర్వాత తీగ తీశారు. ఆ వయసుకు వేరు పూర్తిగా ఎదిగిపోయింది కాబట్టి రూట్ కెనాల్ కూడా చేశారు. పాప పన్ను నిలిచింది. ఆ షాపు అక్క ఎవరో గానీ, ఆమెకు దండం పెట్టాలనిపించింది.

అరగంటలోపు వస్తే ఆశ ఎక్కువ. పన్ను గంటకు మించి ఆరిపోతే కష్టమే, అయినా పట్టుకుని రండి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. ఏ పన్నో తేలకపోతే పాలలో వేసి ఫొటో వాట్సాప్ చేయమంటాను.

ఇక నన్ను నిజంగా భయపెట్టే ఫోన్లు వేరే ఉన్నాయి. "పిప్పి పన్ను నొప్పి మేడమ్, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, వాడుతున్నాం, వాపు మాత్రం దవడ కిందికి దిగింది." దూదితో లవంగ నూనె పెట్టినా, జిందా తిలిస్మాత్ పెట్టినా లోపలి చీము పోదు. కొందరు నొప్పి మాత్రను చిగురు మీదే అదిమి పెడతారు, అక్కడ చర్మం కాలిపోతుంది. వాపు మీద వేడి కాపడం కూడా వద్దు. వాపు నాలుక కిందికో, మెడలోకో, కంటి వైపో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా మా క్లినిక్‌కు రావద్దు. అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తుంది. వాపు అంత దూరం పోకముందే పన్ను చూపించుకోవాలి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి చెబుతాను.

పన్ను పీకించుకున్నాక రక్తం ఆగకపోతే మడిచిన గాజ్ గుడ్డ (కట్లు కట్టే పలచటి బట్ట) గుంత మీద పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకోండి. మధ్యలో తీసి చూడొద్దు, ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. అప్పటికీ కారుతుంటే ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి పన్ను పీకకముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

పన్ను మీద వేసిన క్యాప్ ఊడితే కంగారు అక్కర్లేదు. చిన్న డబ్బాలో వేసి మర్నాడు తెండి. ఫెవిక్విక్ మాత్రం పెట్టకండి, చిగురు కాలుతుంది, ఆ క్యాప్ మళ్లీ సరిగ్గా కూర్చోదు.