ఒకే సైనికుడికి మూడుసార్లు రంగు వేశాను

బల్ల మీద ఆడే యుద్ధాల ఆటల్లో వాడే బొమ్మలు చాలావరకు 28 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. బొటనవేలి మీది కణుపంత. ఆ కాస్త ఎత్తులోనే కవచం, బెల్టు, మీసం, కళ్లు అన్నీ చెక్కి ఉంటాయి. ముక్కలు అతికించి రంగులు మనమే వేసుకోవాలి. 1983లో వచ్చిన వార్‌హ్యామర్ ఈ ఆటల్లో బాగా పేరున్నది. నాకు ఆట సరిగా రాదు. రంగుల మోజుతోనే పదిమంది సైనికులున్న పెట్టె ఒకటి కొన్నాను.

రంగు ప్లాస్టిక్‌కు పట్టాలంటే ముందు ప్రైమర్ అనే తొలిపూత వేయాలి. హైదరాబాద్‌లో జులై నెల, అప్పుడే జల్లు వెలిసింది. పెట్టెలోంచి ఒక సైనికుణ్ణి తీసుకుని డాబా ఎక్కి ప్రైమర్ స్ప్రే డబ్బా నొక్కాను. ఆరాక చూస్తే వాడి ఒంటి నిండా ఇసుక చల్లినట్టు గరుకు. గాలిలో తేమ ఉన్నప్పుడు స్ప్రే జోలికి పోకూడదని నాకప్పటికి తెలియదు. ఆ గరుకును కప్పేద్దామని రంగును సీసాలోంచి తీసింది తీసినట్టే పూశాను. రెండు పూతలకే ముక్కూ పెదవులూ పూడుకుపోయాయి. అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మొహం ఎటువైపురా?" అంది.

ఇంగ్లాండులో ఈ పని చేసేవాళ్లు పాత రంగు వదలగొట్టడానికి డెట్టాల్ వాడతారని ఎక్కడో చదివాను. మన ఇళ్లలో లేని సీసా కాదు కదా! ఖాళీ ఊరగాయ సీసాలో నీళ్లు కలపని డెట్టాల్ పోసి, బొమ్మను రాత్రంతా నానబెట్టాను. తెల్లారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు మీగడలా లేచి వచ్చింది. ఆ ఉత్సాహంలో కుళాయి కింద పెట్టాను. అదే పొరపాటు. నీళ్లు తగలగానే ఊడిన రంగంతా జిగురులా మారి బొమ్మకూ బ్రష్షుకూ నా వేళ్లకూ అంటుకుంది. మళ్లీ డెట్టాల్‌తోనే కడిగి, రంగు మొత్తం పోయాకే సబ్బునీళ్లు వాడాలట. చేతులకు తొడుగులు కూడా ఉండాలి. నా వేళ్లు రెండు రోజులు పొట్టు రాలాయి, ఇల్లంతా ఆసుపత్రి వాసన.

రెండోసారి రంగును పాలంత పలుచగా చేశాను. అది కూడా పాడైంది. ముంచిన కుంచెను నేరుగా బొమ్మకు తాకిస్తే రంగు చెరువులా పారి, గుంటల్లో చేరి మడతల చుట్టూ మరకలు కట్టింది. ముంచాక కుంచె పొట్టను ఒకసారి టిష్యూ కాగితానికి తాకించాలి. ఈ ఒక్క అలవాటుతో నా పని సగం బాగుపడింది. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పరిచి, దానిపై కేకుల కింద వేసే బేకింగ్ కాగితం వేసి, రంగును ఆ కాగితం మీద కలుపుకుంటే గంటల తరబడి ఆరదు. నాలుగు రోజులు మరిచిపోతే మాత్రం స్పాంజికి బూజు పడుతుంది.

కుంచె విషయంలోనూ దెబ్బతిన్నాను. చిన్న బొమ్మ కదా అని మూడు సున్నాల నంబరున్న బాగా సన్నటి కుంచె కొన్నాను. దాని కొస మీద నిలిచేది ఒక్క చుక్క, కంటి దాకా వెళ్లేలోపు అది ఆరిపోతుంది. కొస సూదిలా ఉండే ఒకటో నంబరు కుంచె చాలు. పొట్టలో రంగు నిలుస్తుంది, గీత సన్నగానే వస్తుంది.

చేతి వణుకుకు మందు అమ్మే చెప్పింది. పెళ్లిళ్లలో పారాణి పెట్టే చెయ్యి ఆవిడది. "చిటికెన వేలు ఆనించకుండా గీత ఎలా నిలుస్తుందిరా?" అంది. ఇప్పుడు బొమ్మను ఒక సీసా మూత మీద అతికించి ఎడమ చేత్తో పట్టుకుంటాను. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, కుడి చిటికెన వేలు మూత అంచున పెడతాను.

ఇక కళ్లు. మొహానికి చర్మం రంగు వేయకముందే కళ్లు పూర్తి చేయడం మేలు. గీత తప్పితే చర్మం రంగుతోనే సరిదిద్దుకోవచ్చు. తెలుపు కూడా స్వచ్ఛమైనది వద్దు, పాతబడిన పంచె రంగు చాలు. నల్లగుడ్డును చుక్కలా పెడితే దయ్యం చూసినట్టుంటుంది, నిలువుగా చిన్న గీత గీయాలి. చివర్లో నీళ్లలాంటి గోధుమరంగు వాష్ పూస్తే అది పల్లాల్లోకి దిగి నీడలు తనే వేస్తుంది.

మూడోసారి పూర్తయ్యాక అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దీపం కింద చూసింది. "వీడికెందుకురా అంత కోపం?" అంది. నిజానికి కోపం నేను పెట్టింది కాదు, కనుబొమల దగ్గర వాష్ కాస్త ఎక్కువ నిలిచింది. తుడవకుండా అలాగే వదిలేశాను.