పినాకినిలో ఒంగోలు, నెల్లూరు: అవార్డు కథకుల అడుగులు వెతుక్కుంటూ

కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందంటే పేపర్లో ఒక ఫొటో, నాలుగు పేరాల వార్త, ఆ తర్వాత ఢిల్లీలో సన్మానం, చేతిలో రాగి ఫలకం (ఆ ఫలకం డిజైన్ చేసింది సత్యజిత్ రే). ఫొటోలో ఉన్న మనిషి ఏ ఊళ్లో పుట్టాడు, ఏ వీధుల్లో తిరుగుతూ రాయడం నేర్చుకున్నాడు అన్నది ఆ వార్తలో ఒక్క లైను దాటదు. నాకు కథలన్నా నవలలన్నా ప్రాణం కాబట్టి, తెలుగులో ఈ అవార్డు వచ్చిన కథల పుస్తకాలు, నవలలు ఏవేవో ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. ఇద్దరి దగ్గర ఆగిపోయాను. ఒకరు సలీం, పుట్టింది ఒంగోలు పక్కన త్రోవగుంటలో. ఇంకొకరు రావూరి భరద్వాజ. ఆయన పుట్టింది ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా మోగులూరు, పెరిగింది గుంటూరు జిల్లా తాడికొండ, కానీ పంతొమ్మిదేళ్ల వయసులో, 1946లో, పత్రిక పనికి వచ్చింది మాత్రం నెల్లూరుకి. మా పెద్దమ్మ వాళ్లుండేది నెల్లూరు మూలాపేటలోనే. ఎండలు ముదరకముందే వెళ్లొద్దామని విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కేశాను.

బ్యాగులో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. రైల్లో చదవడానికి పైన పెట్టుకున్నది పెద్దిభొట్ల సుబ్బరామయ్య కథలు, 2012లో అవార్డు వచ్చిన పుస్తకం. విజయవాడ లయోలా కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. చిన్న జీతాల ఇళ్లు, చెప్పుకోలేని బాధలు, నోరు లేని మనుషులు ఆయన కథల నిండా ఉంటారు. తెనాలి దాటేసరికి ఒక కథ అయింది, ఇంకోటి మొదలుపెట్టలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన కథలు ఒకదాని వెనక ఒకటి చదివేవి కావు.

ఆ కాగితం తీసి మళ్లీ చూస్తుంటే ఒక విషయం తేటగా కనపడింది. అవార్డులు మొదలైంది 1955లో, మన భాషకు మొదటిది సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చింది. నవల వంతు వచ్చేసరికి 1963 అయింది. త్రిపురనేని గోపీచంద్ పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు ఇచ్చారు, అప్పటికే గోపీచంద్ లేరు. 1982లో ఇల్లిందల సరస్వతీదేవి స్వర్ణకమలాలకు వచ్చింది, తెలుగులో ఈ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే, అదీ కథలకి. పాలగుమ్మి పద్మరాజు గాలివానకి 1985లో, ఆయనా పోయాకే. ఇవి చదువుతుంటే బాధేస్తుంది. రాసినవాళ్లు బతికుండగా ఒక్కసారి ఆ మాట వినాల్సింది.

తొంభైల దశకం మాత్రం కథలదే. భమిడిపాటి రామగోపాలం 1991, మధురాంతకం రాజారాం 1993, కాళీపట్నం రామారావు యజ్ఞంతో తొమ్మిది 1995, కేతు విశ్వనాథరెడ్డి 1996, బలివాడ కాంతారావు 1998. మధ్యలో 1992లో మాలతీ చందూర్ నవల హృదయనేత్రి. ఒక్క పదేళ్లలో ఉత్తరాంధ్ర, చిత్తూరు, కడప కథలన్నీ వరసగా ఆ మెట్టు ఎక్కాయి. రాజారాం గారి అబ్బాయి నరేంద్రకి మనోధర్మపరాగం నవల మీద 2022లో మళ్లీ అదే అవార్డు వచ్చింది, తండ్రికి కథలకి, కొడుక్కి నవలకి. ఆ మరుసటేడు తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి రామేశ్వరం కాకులు, మళ్లీ కథలు. నాకైతే ఈ లిస్టు చదవడం ఎన్నిసార్లయినా విసుగు రాదు.

చీరాల తర్వాత వేటపాలెం వస్తుంది, సారస్వత నికేతనం ఉన్న ఊరు. 1918లో పెట్టిన లైబ్రరీ అది. దాని కోసం ప్రత్యేకంగా రావాల్సిందే, ఈసారికి రైల్లోంచే చూసి సరిపెట్టుకున్నాను.

ఒంగోల్లో దిగి షేర్ ఆటోలో త్రోవగుంట వెళ్లాను. ఇప్పుడది ఒంగోలులో కలిసిపోయినట్టే ఉంది, హైవే పక్కనే, లారీలు ఆగకుండా పోతుంటాయి. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నిలబడి "సలీం గారని రచయిత, ఈ ఊరాయనే, అకాడమీ అవార్డు వచ్చింది" అని అడిగితే కొట్టాయన గ్లాసులు కడుగుతూనే "తెలవదమ్మా, ఊళ్లో అడుగు" అన్నాడు. పక్కన బల్ల మీద డిగ్రీ చదివే కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు, వాడు ఫోన్ తీసి వెతికి, గట్టిగా చదివాడు: కాలుతున్న పూలతోట, నవల, 2010. "అక్కా, నిజంగానే మా ఊరే!" అని లేచి నిలబడ్డాడు. నా దగ్గరున్న పుస్తకం ఇస్తే అట్ట మీద వేలు పెట్టి పేరు రెండుసార్లు చదువుకున్నాడు, ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, కొట్టాయన కూడా చెయ్యి తుడుచుకుని వచ్చి చూశాడు. నా టీకి డబ్బులు తీసుకోలేదు.

ఆ నవల హెచ్‌ఐవీ సోకిన మనుషుల గురించి. ఇప్పటి పిల్లలకి ఆ రోజుల భయం అంతగా తెలీకపోవచ్చు. ఆ జబ్బు పేరెత్తితే ఇంట్లో గ్లాసు, కంచం వేరు చేసేవాళ్లు, బంధువులు రావడం మానేసేవాళ్లు. హైవే పక్కన డాబాల దగ్గర లారీ డ్రైవర్ల కోసం పెట్టిన ఎయిడ్స్ బోర్డులు నా చిన్నప్పుడు చూసిన గుర్తు. అలాంటి విషయం తీసుకుని మనుషుల మీద ప్రేమతో నవల రాయడం, ఇన్‌కమ్ టాక్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ రాయడం చిన్న పని కాదు. అంతకుముందు ఆయన రాసిన వెండిమేఘంలో ముస్లిం ఇళ్ల లోపలి బతుకు చదివి నేను చాలా తెలుసుకున్నాను, మా పక్కింట్లోనే ఉన్నా నాకు తెలియని సంగతులవి. ఆ లారీల హోరు మధ్య నిలబడి పుస్తకం తెరిస్తే అది ఇంట్లో చదివినట్టు లేదు, మొదటి పేజీలు మళ్లీ అక్కడే చదివాను. ఎండ నెత్తి మీదకొచ్చింది, కుర్రాడే ఆటో పిలిచి ఎక్కించాడు.

ఒంగోలు నుంచి నెల్లూరు దాదాపు 120 కిలోమీటర్లు. సింగరాయకొండ, కావలి, బిట్రగుంట. నిద్రపోయాను, రాయడానికేం లేదు.

పెద్దమ్మ గుమ్మంలోనే "ఏందే ఆ మూట, రాళ్లు మోసుకొచ్చినావా?" అంది. రాత్రి చేపల పులుసు, మామిడికాయ ముక్కలేసి, పొద్దున్నే చేసి పెట్టినది. పులుసు మర్నాటికి ఊరితేనే అసలు రుచి అని ఆవిడ నమ్మకం, కానీ మర్నాటిదాకా ఆగలేక నాకు ఆ పూటే వడ్డించింది. అన్నం తింటూ భరద్వాజ గారి సంగతి చెప్పాను. హైస్కూలు చదువు కూడా పూర్తి కాని మనిషి, పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రెస్సుల్లో పనిచేసినవాడు, ఈ ఊరికొచ్చి జమీన్ రైతు వారపత్రికలో చేరాడు, తర్వాత జ్ఞానపీఠ్ దాకా వెళ్లాడు అని. పెద్దమ్మ చెయ్యి ఆపి విన్నది. "ఈడ పనిచేసినాడా? జమీన్ రైతు మా నాయన తెప్పించేవోడే. అంతటాయన ఈడున్నాడని మాకెవురూ చెప్పలేదే" అంది. ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు.

జమీన్ రైతు మామూలు పత్రిక కాదు. వెంకటగిరి జమీందారీ రైతుల కోసం పోరాడిన నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన పత్రిక. భరద్వాజ వచ్చేటప్పటికి జమీందారీలు చివరి రోజుల్లో ఉన్నాయి, రద్దు చట్టం 1948లో వచ్చింది. పన్ను కట్టలేని రైతు, పొలం పోయిన రైతు, కోర్టు చుట్టూ తిరిగే రైతు, వీళ్ల సంగతులన్నీ వచ్చిపడే చోట ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చున్నాడంటే, వాడికి అంతకన్నా మంచి కాలేజీ ఎక్కడ దొరుకుతుంది? ఆయనకు 1983లో అకాడమీ అవార్డు తెచ్చిన జీవన సమరం అంతా రెక్కాడితే గానీ డొక్కాడని మనుషుల గురించే. దానికి పునాది ఈ ఊళ్లోనూ కొంత పడి ఉంటుందని నా నమ్మకం.

పొద్దున్నే ట్రంకు రోడ్డు మీదుగా నడుచుకుంటూ పురమందిరం చూసి, అక్కడినుంచి సంతపేట వైపు వెళ్లాను. చేపలమ్మే ఒకావిడ కొరమేనును బూడిదతో రుద్ది, కత్తిపీట మీద తోకవైపు నుంచి పొలుసు తీస్తోంది. చేతి మీద పాత గాటు ఒకటి బొటనవేలి మొదట్నుంచి మణికట్టు దాకా. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని కూతురి కాలేజీ ఫీజు గురించి మాట్లాడుతోంది, ఇటు బేరం ఆగలేదు, అటు ముక్కలూ ఒక్కటే మందాన పడుతున్నాయి. "తీసుకోమ్మా, ప్రాణంతో ఉన్నింది పొద్దున" అంది నాతో. జీవన సమరం బ్యాగులోనే ఉంది. ఆవిడ గురించి ఆ పుస్తకంలో ఒక పేజీ ఉండాల్సింది అనిపించింది, ఉంటే అచ్చం ఇలాగే, జాలి పడకుండా రాసేవాడు.

తర్వాత ఒక లైబ్రరీకి వెళ్లాను. జీవన సమరం అడిగితే లైబ్రేరియన్ అమ్మాయి నిచ్చెన వేసుకుని పై అర నుంచి తీసిచ్చింది. వెనక అట్ట లోపల తేదీలు వేసే చీటీ ఉంటుంది కదా, దాని మీద ఎనభైల్లో వరసగా ముద్రలు, ఒక్కో నెల్లో రెండు మూడు. ఆ తర్వాత ముద్రల మధ్య దూరం పెరుగుతూ వచ్చింది. 2013లో మళ్లీ గబగబా నాలుగు. ఎందుకో వెంటనే అర్థమైంది. ఆ ఏడు ఏప్రిల్లో ఆయనకు 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ్ ప్రకటించారు, అక్టోబరులో ఆయన కన్నుమూశారు. తెలుగులో విశ్వనాథ, సినారె తర్వాత మూడో జ్ఞానపీఠ్ అది. వాళ్లిద్దరివీ కావ్యాల పేరు మీద గుర్తుండిపోయాయి, ఈయనది పాకుడురాళ్ళు పేరు మీద. నాటకాల్లో వేషాలేసే మంగమ్మ సినిమాల్లో మంజరి అవడం, అయ్యాక ఏమైంది అన్న నవల. నిజానికి 1982 తర్వాత జ్ఞానపీఠ్ ఒక్క పుస్తకానికి కాదు, మొత్తం రాసినదానికి ఇస్తున్నారు. అకాడమీ అవార్డు అలా కాదు, కొద్దేళ్లలోపు వచ్చిన ఒక పుస్తకాన్ని చూసి ఇస్తారు. రెండూ రావడమంటే మనిషీ నిలబడ్డాడు, పుస్తకమూ నిలబడింది.

అవార్డుకి ఇప్పుడు లక్ష రూపాయలు ఇస్తున్నారు, మొదట్లో ఐదు వేలు. డబ్బు సంగతి వదిలేద్దాం. ఆ 2013 నాటి ముద్రలు చూశాక నాకర్థమైంది, అవార్డు చేసే అసలు పని పుస్తకాన్ని మళ్లీ అర మీంచి దించడం. ఆ పని ఢిల్లీలో మొదలై ఊళ్లోకి రాకుండానే ఆగిపోతోంది. తిక్కన పేరు నెల్లూరు వాళ్లందరికీ తెలుసు, తెలియాలి కూడా. అలాగే నెల్లూరులో ఒక బోర్డు, త్రోవగుంట బస్టాపులో ఒక బోర్డు, ఫలానా రచయిత ఇక్కడివాడు, ఇక్కడ పనిచేశాడు, రాసిన పుస్తకం ఇది అని ఉంటే చాలు. టీ కొట్టు దగ్గర కుర్రాడు లేచి నిలబడ్డాడే, అలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో. ఆ లైబ్రేరియన్ అమ్మాయిని అడిగాను, అవార్డు కథలు, నవలలు అన్నీ ఒకే అరలో పెడితే బావుంటుందని. "లిస్టు రాసివ్వండి మేడమ్, ఉన్నవన్నీ తీసి పెడతా" అంది. అక్కడే కూర్చుని నా కాగితం చూసి నీటుగా ఎత్తి రాసిచ్చాను, గోపీచంద్ నుంచి పతంజలి శాస్త్రి దాకా.

నా జీవన సమరం కాపీ మా పెద్దమ్మ ఉంచేసుకుంది, కళ్లద్దాలు మార్పించుకుని చదువుతానంది.

మీరెవరైనా వెళ్లేట్టయితే పినాకినే మేలు, ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగుతుంది. త్రోవగుంటకి పొద్దున పూటే వెళ్లండి, మధ్యాహ్నం హైవే పక్కన నీడ ఉండదు. పాకుడురాళ్ళు లావు పుస్తకం, ప్రయాణంలో పూర్తికాదు, ముందే మొదలుపెట్టండి. కాలుతున్న పూలతోట వీలైతే రెండు కాపీలు పట్టుకెళ్లండి, త్రోవగుంటలో ఒకటి అడిగి తీసుకుంటారు.