నయీంనగర్ గేమింగ్ కేఫ్: నెట్‌వర్క్ పని ఎక్కడిదాకా వచ్చింది

హనుమకొండ నయీంనగర్‌లో మా బావ గేమింగ్ కేఫ్ పెడుతున్నాడు. 20 పీసీలు, ఓ పక్కన మొబైల్‌లో ఆడేవాళ్లకు సోఫాలు. నెట్‌వర్క్ పని మొత్తం నేను మీదేసుకున్నాను. నా ఉద్యోగం వేరు, ఇది ఇష్టం కొద్దీ చేస్తున్న పని. రంగులు అయిపోయాయి, పైపులు వేశారు, వైర్లు సగం లాగాం.

బావ మొదటి నుంచీ అడిగేది ఒకటే. "500 స్పీడ్‌ది తీసుకుంటే సరిపోతదా బామ్మర్దీ?"

"స్పీడ్ ఎక్కువుండుడు కాదు బావా, పింగ్ ఊగకుండ ఉండాలె" అన్నాను. పింగ్ అంటే మన పీసీ నుంచి పోయిన సంకేతం గేమ్ సర్వర్‌ను తాకి తిరిగొచ్చే సమయం. నోటిమాటతో నమ్మలేదు, చూపించాల్సి వచ్చింది. వాలరెంట్ అనే గేమ్ సర్వర్ ముంబైలో ఉంది. ఇక్కడి నుంచి గీత గీసినట్టు పోయినా దాదాపు 700 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రానూపోనూ 7 మిల్లీసెకన్లు ఎవరూ తగ్గించలేరు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో పరికరాలుంటాయి, అందుకే మాకు 28 దగ్గర నిలబడింది. అది చాలా మంచి పింగ్. పక్క పీసీలో స్టీమ్ (గేమ్‌లు దించుకునే యాప్) అప్‌డేట్ మొదలుపెట్టగానే అదే పింగ్ 200 దాటింది. ఆడుతున్నవాడు లేచి డబ్బులు వాపసు అడిగేది అప్పుడే.

నిజానికి ఆట ఆడటానికి ఒక్కో పీసీకి 1 ఎంబీపీఎస్ అటూ ఇటూగా చాలు. లైన్‌ను మింగేది డౌన్‌లోడ్లు. 50 జీబీ గేమ్ 200 ఎంబీపీఎస్ లైన్‌లో దిగడానికి అరగంట పైనే పడుతుంది. 20 పీసీలూ ఎవరికి వారు దించుకుంటే 11 గంటలు. పెద్ద ప్లాన్ తీసుకున్నా డౌన్‌లోడ్ దాన్ని కూడా నింపేస్తుంది. కాబట్టి ఆ డబ్బు రౌటర్ మీద పెట్టించాను.

మైక్రోటిక్ ఆర్‌బీ 5009 రౌటర్ తీసుకున్నాం. అందులో డేటాను వరుసలో పెట్టి పంపే కేక్ అనే క్యూ ఉంటుంది, దాన్ని లైన్ వేగంలో 90 శాతానికి కట్టాను. అప్పుడు ప్యాకెట్లు (డేటా ముక్కలు) ప్రొవైడర్ దగ్గర పోగుపడకుండా మన రౌటర్‌లోనే వరుసలో నిలబడతాయి. ఆటవి చిన్న ప్యాకెట్లు, వాటికి దారి దొరుకుతుంది. మళ్లీ అదే అప్‌డేట్ పెట్టి చూస్తే పింగ్ 35 దాటలేదు. ఇలా క్యూ నడపాలంటే, ప్యాకెట్లను క్యూలో నిలపకుండా అడ్డదారిన పంపే ఫాస్ట్‌ట్రాక్ ఆపేయాలి, దాంతో ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. చవక మోడల్ వద్దన్నది అందుకే.

పాత పీసీ ఒకటి ఉంటే అందులో లినక్స్, 1 టీబీ ఎస్ఎస్‌డీ వేసి, దిగిన గేమ్‌లను కేఫ్‌లోనే దాచిపెట్టే లాన్‌క్యాష్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. స్టీమ్ గేమ్ ఒక పీసీలో దిగితే, రెండో పీసీకి బయటి నుంచి రావాల్సిన పనిలేదు, లోపలి గిగాబిట్ వైర్ మీదనే వస్తుంది.

వైర్ విషయంలో మాత్రం పట్టుబట్టాను. క్యాట్ 6 (రాగి నెట్‌వర్క్ కేబుల్) అని రాసి, రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టే షాపులున్నాయి. బాక్స్ చేతికి తేలిగ్గా అనిపిస్తే అనుమానించాలి. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అసలైనదైతే లోపలి దాకా ఎర్రగానే ఉంటుంది. క్రింపింగ్‌లో, అంటే వైర్ కొసకు ప్లగ్ బిగించేటప్పుడు, రెండు చివరలా ఒకే రంగుల వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్రతి వైర్‌కూ రెండు కొసలా నంబర్ అంటించాం. రేపు 13వ పీసీ ఆగిపోతే, వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర వెతుక్కునే పని ఉండదు.

లైన్లు రెండు, రెండు వేర్వేరు ప్రొవైడర్లవి. మా దగ్గర కోతులు స్తంభాల మీది కేబుళ్లు పట్టుకుని ఊగుతాయి, ఫైబర్ తెగడం మామూలే. రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తే కోతి ఒక్క దూకుతో రెండూ పోతాయి. అందుకే రెండోదాన్ని వెనక గల్లీలోంచి రప్పించాం. మొదటి లైన్ ఆటలకు, రెండోది వైఫైకి, డౌన్‌లోడ్లకు. ఒకటి పోతే అంతా రెండోదాని మీదకు మారుతుంది.

కరెంటు ఒక్క క్షణం పోయొచ్చినా రౌటర్, ఫైబర్ మోడెం మళ్లీ లేచేసరికి నిమిషాలు గడుస్తాయి. ఈ పెట్టెలన్నీ కలిపి 60–70 వాట్లే కాబట్టి వీటికి వేరే చిన్న యూపీఎస్ ఇచ్చాం. మే నెల ఎండల్ని దృష్టిలో పెట్టుకుని స్విచ్‌ను మూసిన బీరువాలో కాక, గాలి ఆడే ర్యాక్‌లో గోడకు బిగించాం.

కార్పెంటర్‌కు కూడా ఒక లెక్క ఇచ్చాను. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం పీసీల మధ్య అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించకూడదు. వచ్చినవాళ్ల ఐడీ చూడాలి, రిజిస్టర్ కనీసం ఏడాది దాచాలి.

ఈ ఆదివారం మిగతా వైర్లు లాగి, సోఫాల పైన సీలింగ్‌కు మొబైళ్లకు వైఫై ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ యాక్సెస్ పాయింట్ బిగిస్తాం. ఆ తర్వాత బావ ఫ్రెండ్స్‌ను పిలిచి 20 పీసీల్లో ఒకేసారి ఆడించి, మధ్యలో కావాలనే డౌన్‌లోడ్లు పెట్టి రాత్రంతా పింగ్ రాసుకుంటాం. క్యూను 90 శాతం దగ్గరే ఉంచాలా, 85కు దించాలా అన్నది ఆ అంకెలు చూశాక తేలుస్తాను.