పీత బొరియలో పిడికెడు మట్టి

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి, దారిలో సొరంగాలు లెక్కపెడదామని కిటికీ పక్కన కూర్చున్నాను. త్యాడ దాటేసరికి లెక్క తప్పింది. బొర్రా గుహల దగ్గర సగం పెట్టె, అరకులో మిగతా సగం ఖాళీ అయ్యాయి. అక్కడి నుంచి ఒడిశాలోకి వెళ్లే దారంతా కిటికీలు నావే. పాడువా దగ్గర వలిసె పూలు కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టున్నాయి. అరకులో ఆ పూల మధ్య నిలబడి ఫొటో దిగాలంటే డబ్బులు తీసుకుంటారు. ఇక్కడ వాటి వైపు చూసేవాళ్లే లేరు.

కోరాపుట్‌కు నేను వెళ్లింది విత్తనాల కోసం. 1950ల్లో కటక్ వరి పరిశోధకులు ఈ జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా దేశవాళీ వరి నమూనాలు సేకరించారు. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇక్కడి సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వరి వంగడాలు కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆమె కన్నుమూశారు. ఇదంతా చదువుకుని, ముసలమ్మల ఇళ్లలో విత్తనాల బుట్టలు చూసి వస్తే చాలనుకున్నాను. నన్ను ఊళ్లోకి తీసుకెళ్లిన పరజా తెగ కుర్రాడు ఆ బుట్టల దగ్గర నిలబడనివ్వలేదు.

"విత్తనం ఎక్కడికీ పోదు అక్కా. ఝోలా పోతుంది. ముందు అది చూడు."

ఝోలా అంటే రెండు కొండల నడుమ పారే వాగు. వీళ్ల పూర్వీకులు ఆ వాగును ఒక పక్కకు నెట్టి, అది పారిన నేలనే మెట్లు మెట్లుగా మడులు చేశారు. పై మడిలో నిండిన నీరు గండిలోంచి కింది మడిలోకి దిగుతుంది, అక్కడి నుంచి ఆ కిందికి. పైన వాలు మీద చోళ్లు, సామలు, వలిసెలు, అడుగున వరి. వానకు కొండ మీది ఆకు కుళ్లి కొట్టుకొచ్చేది ఈ మడుల్లోకే. అంటే పైన అడవి ఉన్నంతకాలమే కింద ఎరువు. ఎదుటి కొండ మీద మాత్రం జామాయిల్ చెట్లు బడిపిల్లల్లా వరుసలు కట్టి నిలబడ్డాయి. అవి వచ్చాక ఊట తగ్గిందని ఊళ్లో అడిగిన ప్రతివాళ్లూ అన్నారు.

ఈ కుర్రాడు రెండేళ్లు హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్ల పని చేశాడు. తెలుగు అక్కడి మేస్త్రి దగ్గర నేర్చుకున్నదే కాబట్టి, మడి పొడవు కూడా అడుగులు, అంగుళాల్లో చెబుతాడు. అతను లేని ఒక వానాకాలంలో గట్టు తెగింది. తండ్రికి మోకాళ్ల నొప్పి, తాతకు చూపు ఆనదు. ఒక్క రాత్రిలో వాగు రెండు మడులను పట్టుకుపోయింది. తిరిగివచ్చి వాటిని మళ్లీ కట్టడానికి అతను వాడింది, మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు నీటి గొట్టం. ఈ చివర తాను, ఆ చివర చెల్లెలు పట్టుకుని రెండు రోజులు కొలతలు వేశారట. తాత గట్టు మీద కూర్చుని అంతా విని, చివరికి పార తెమ్మని, గండి కొట్టి నీళ్లు వదిలాడు. ఒక మూల మట్టి పొడిగా తేలింది. "ఇదీ మట్టం" అన్నాడట. ఆ మాట చెబుతూ కుర్రాడు పడీపడీ నవ్వాడు. గొట్టం మాత్రం పారేయలేదు, చూరుకు వేలాడుతోంది.

ఆ చెల్లెలు కోరాపుట్‌లో డిగ్రీ చదువుతోంది. నాయనమ్మ చెప్పే వరి పేర్లు ఫోనులో రికార్డు చేస్తుంది. ఊరికే అడిగితే ముసలమ్మకు నాలుగు కూడా గుర్తురావు. గింజ అరచేతిలో పెడితే పేరు, అది ఏ మడిలో పండుతుందో, ఎవరి పెళ్లికి వండారో అన్నీ వస్తాయి. నేనున్నప్పుడు మచ్చకంట వచ్చింది: చేప ముల్లు అని అర్థం.

బిరుదులు ఎక్కువగా విత్తనానికే ఎందుకు వెళతాయో నాకు అక్కడ అర్థమైంది. విత్తనాన్ని పెట్టెలో పెట్టి ఢిల్లీకి తీసుకెళ్లవచ్చు. గట్టును తీసుకెళ్లలేం. విత్తనాన్ని ఒక ముసలమ్మ కాపాడగలదు. గట్టుకు ఏటా వయసులో ఉన్న నడుములు కావాలి. ఆ నడుములేమో సిమెంటు బస్తాలు మోస్తున్నాయి. ఈ కుర్రాడు కూడా కోతలయ్యాక మూడు నెలలు మళ్లీ వెళతానన్నాడు. ఇల్లు కప్పాలట. ఉండిపోతే బాగుండునని నాకు అనిపించింది కానీ, టికెట్టు చేతిలో పెట్టుకున్నదాన్ని ఏ ముఖంతో అనను?

మధ్యాహ్నం ఆనపకాయ బుర్రలోంచి మండియా పేజ్ పోశారు. మన చోడి అంబలే, కాస్త పులుపు ఎక్కువ. తాగాక గట్టు పనికి నన్నూ దింపారు. పీతలు గట్టులో బొరియలు చేస్తాయి. వేలెడంత కన్నం వదిలేస్తే వానాకాలానికి అదే గండి అవుతుంది. చెయ్యి మోచేతి దాకా పెట్టి, లోపల పీత లేదని చూసుకుని, బంకమట్టి ముద్దలు కూరాలి. అతను పది పూడ్చేలోపు నేను ఒకటి పూడ్చి, పైన అరచేత్తో నున్నగా మెత్తాను.

మర్నాడు రైలుకు బయలుదేరుతూ చూస్తే సరిగ్గా అక్కడే నీరు కారుతోంది. నాయనమ్మ వచ్చి, నున్నగా ఉన్న నా మెత్తుడును కాలితో తన్ని తీసేసింది. మట్టి ముద్ద లోపలికి కుక్కి, దాని మీద మడమతో నిలబడి, ఏదో అంది. ఏమన్నదని అడిగితే మనవరాలు కాసేపు తటపటాయించింది.

"పై పూత బాగుందట అక్కా."