రాయలవారి కాయితంలో రైలుకట్ట

మా మామ దగ్గర ఒక కాయితం ఉంది. బీరువాలో అత్త నగల పక్కన, ఎర్ర గుడ్డలో చుట్టి పెట్టుకునే కాయితం. సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు మన పెద్దలకు గుడిలో దీపం పెట్టేదానికి మాన్యం రాసిచ్చినాడు, అదే ఇది అని నేను నిక్కర్లేసుకున్నప్పటి నుంచి వింటానే ఉన్నా. చదివింది మాత్రం ఎవరూ లేరు. ఎందుకంటే అది గొలుసుకట్టు రాత, కరణాలు రాసేది, ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మెడకు తగులుకోని పోతాంటాది, మామూలోళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఇప్పుడు ఊర్లో గుడి బాగు చేస్తాండారు, కుంభాభిషేకానికి చిన్న పుస్తకం వేస్తారంట, అందులో మొదటి పేజీలో ఈ కాయితం ఫోటో, దాని కింద రెండు పేజీల చరిత్ర. రాసేది ఎవరు? నేనే. "నువ్వు ఎప్పుడు సూసినా ఆ పాత పుస్తకాలే కదరా అబ్బీ చదివేది, రాయి" అన్న్యాడు మామ. సరేలే అని ఒప్పుకున్నా, అదే నేను చేసిన తప్పు.

మొదట తేదీ చూసినా, ఎవరైనా మొదట చూసేది అదే. రెండో లైన్లో శాలివాహన శకం అంకెల్లో ఉంది, ౧౪౪౨ (1442) లాగా కనపడింది, పక్కన స్వభాను సంవత్సరం అని ఉంది. శకానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తాది (సంవత్సరం చివరి నెలలైతే 79, అది వేరే సంగతి), అంటే 1520. రాయలు 1509 నుంచి 1529 దాకా ఏలినాడు కాబట్టి బాగానే కుదిరింది. కానీ 1520 స్వభాను కాదు, విక్రమ. స్వభాను రావాలంటే 1523 కావాలి. అరవై పేర్లు వరసగా తిరుగుతాయి కాబట్టి ఇది వేళ్ళ మీద లెక్క పెట్టుకోవచ్చు, అరవైలో మొదటిది ప్రభవ 1507లో వచ్చింది, అక్కడి నుంచి లెక్క పెట్టండి. ఒక సంవత్సరం తేడా అయితే నేను పట్టించుకోను, అసలైన శాసనాల్లో కూడా గడిచిన సంవత్సరం చెప్పినారా నడుస్తాండే సంవత్సరం చెప్పినారా అన్న తికమకలో ఒకటి అటూఇటూ అవుతాది. మూడేళ్ళు అంటే మాత్రం కష్టం.

లెక్క కుదిరితే ఎట్లుంటాదో కూడా చెప్తా. కర్ణాటకలో తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో రాయలు చనిపోయిన తేదీ చెప్పే శాసనం 2022లో వార్తల్లోకి వచ్చింది. శక 1451, విరోధి, కార్తీక శుద్ధ పౌర్ణమి, మన లెక్కలో 17 అక్టోబర్ 1529, ఆదివారం, చంద్రగ్రహణం. నేను కూర్చోని వారం లెక్క కట్టినా, పాత క్యాలెండర్ ప్రకారం నిజంగానే ఆదివారం వచ్చింది, విరోధి కూడా కుదిరింది. దొంగ పత్రం రాసేవాడు శకం గుర్తు పెట్టుకుంటాడు, సంవత్సరం పేరు కూడా తెలుసుకుంటాడేమో గానీ, వందల ఏళ్ళ కిందటి వారం, తిథి, గ్రహణం అన్నీ కలిసొచ్చేటట్టు కట్టాలంటే వానికి తాతలు దిగొస్తారు. పాత శాసనాలు చదివే ఫ్లీట్ అనే దొర 1901లోనే దొంగ రాగిరేకుల మీద పెద్ద వ్యాసమే రాసినాడు. జనమేజయుడు ఇచ్చినాడని చెప్పే రాగిరేకులు కూడా ఉన్నాయి, మహాభారతం జనమేజయుడే! అంత పాతకాలం దానం చూపిస్తే భూమిని ఎవరు అడుగుతారు మరి.

సరే, మామ కాయితం దగ్గరికి వస్తా. మూడేళ్ళ తేడాకు దొంగ అనేసే ముందు ఇంకోసారి చూద్దాం అని ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా పెట్టి చూసినా (గుడిలో రాళ్ళ మీద అక్షరాలు చూసేది కూడా ఇట్లనే, ఎదురుగా లైటు కొడితే ఏమీ కనపడదు). చూస్తే ఆ చివరి అంకె ౨ (2) కాకపోవచ్చు, ౫ (5) తోక చెరిగిపోయి ఉండొచ్చు. ౫ అయితే 1445, స్వభాను, కుదిరిపాయె! నాకు సంతోషమైంది, నిజం చెప్తాండా. మామకు ఫోన్ చేద్దాం అనుకోని ఆగినా, ఎందుకంటే కిటికీకి ఎదురుగా కాయితం పెడితే లోపల నీటిగుర్తులో రెండు ఇంగ్లీషు అక్షరాలు కనపడినాయి. మిల్లు కాయితం. అంటే రాయలకాలంది కాదు. కానీ దాంతోనే దొంగ అని చెప్పలేం, నకలు అయ్యుండొచ్చు కదా, అసలుది చెదలు తింటాంటే ఎవరో పెద్దాయన కొత్త కాయితం మీద దించుకోని ఉండొచ్చు. మన కడప జిల్లా కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, మొత్తం అట్లా వచ్చినవే, కుంపిణీ దొర మెకంజీ మనుషులు ఊరూరా తిరిగితే కరణాలు తమ దండకవిలెల (పాత ఊరి లెక్కల పుస్తకాలు) నుంచి ఎత్తి రాసిచ్చినారు, ఇప్పుడు ఆ దండకవిలెలు యాడున్నాయి?

కైఫియత్తులంటే నాకు ప్రాణం, బ్రౌన్ లైబ్రరీకి పోయినప్పుడల్లా ఒక గంట వాటికే. కానీ గుడ్డిగా నమ్మను. రాసిచ్చినోడు కరణం, కరణానికీ మాన్యం ఉంటాది, నైజాం 1800లో మన సీమను కుంపిణీకి ఇచ్చేసిన కొత్త, కలెక్టరు మన్రో వచ్చి భూములన్నీ కొలిపిస్తాండే కాలం. దొర మనిషి వచ్చి మీ ఊరి చరిత్ర చెప్పు అంటే ఎవడైనా తన మాన్యం ఇంకో రెండొందల ఏళ్ళు వెనక్కే చెప్తాడు, నేనైనా చెప్తా. చెరువు ఎవరు కట్టించినారు, ఊరు ఎప్పుడు పాడుబడింది, పక్కూరోళ్ళతో ఎందుకు కొట్లాట అన్న దగ్గర మాత్రం అబద్ధం చెప్పి వానికి వచ్చేది ఏమీ లేదు, అక్కడ నేను నమ్ముతా.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సంగతి కూడా అంతే. కుంపిణీ ఉత్తరాల్లో ఆయన నెలకు 11 రూపాయల చిల్లర తవర్జీ (కుంపిణీ ఇచ్చే భరణం) కోసం తిరగబడిన బందిపోటు, పాటల్లో ఆయన దేవుడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారన్నది కుంపిణీ రాసుకుంది, ఉరి సంగతి పాట కూడా ఏడుస్తా చెప్తాది. ఒకరంటే ఒకరికి పడనోళ్ళు ఇద్దరూ ఒప్పుకున్న మాట అది, నేను ముందు దాన్ని పట్టుకుంటా. ఎందుకు తిరగబడినాడు అన్నదానికి ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకోని చదవాల్సిందే.

ఇంకోటి, మనం గట్టిగా నమ్మేవాటిలో కూడా ఎంత రాతిలో ఉంది ఎంత మనం కలిపినాం అని చూసుకోవాల. కలమళ్ళ శాసనం తొలి తెలుగు శాసనం, క్రీ.శ. 575 అని బోర్డుల మీద రాస్తాంటారు. శాసనంలో తేదీ లేదు. మన సీమలోని రేనాడు ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది, మధ్యలో లైన్లు పోయినాయి, 575 అనేది అక్షరాల తీరు చూసి పండితులు కట్టిన అంచనా. మంచి అంచనానే, కానీ అంచనా. పోటీ పరీక్షల పిల్లోళ్ళతో ఈ మాట అంటే కొట్టేటట్టు చూస్తారు.

చివరికి గొలుసుకట్టు చదివే మనిషి దొరికినాడు. 1984లో కరణాల ఉద్యోగాలు తీసేసినప్పుడు ఇంటికొచ్చేసిన పెద్దాయన, ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర ఉంటాడు. మామా నేనూ బండి మీద పోయినాం. ఆయన అద్దాలు తుడుచుకోని, కాయితాన్ని మొహానికి జానెడు దూరంలో పెట్టుకోని, గుక్క తిప్పుకోకుండా చదవతా పోయినాడు. శ్రీమన్మహారాజాధిరాజ అనంగానే మామ చేతులు జోడించినాడు. దానం, ధర్మం, ఆచంద్రార్కం, ఎవడన్నా ఈ భూమి హరిస్తే కాశీలో ఆవును చంపిన పాపం, అంతా పద్ధతిగా ఉంది. తర్వాత విస్తీర్ణం చదివినాడు, మూడెకరాల చిల్లర సెంట్లు. ఎకరాలు, సెంట్లు దొరల కాలం కొలతలు. నేను మామను చూసినా. "నకలు రాసినోడు లెక్క మార్చినాడేమో లేరా, పాత తూములూ పుట్లూ అంటే ఎవరికి తెలుస్తాది" అన్న్యాడు. నిజమే, తప్పు పట్టేదానికి లేదు, నాకంటే ముందు ఆయనకే తట్టింది. తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు పక్కల హద్దులు, వచ్చింది. దక్షిణం వంక, పడమర ఫలానావాళ్ళ చేను, ఉత్తరం బండిదావ, తూర్పు…

పెద్దాయన ఆగినాడు. అద్దాలు పైకి నెట్టుకోని మళ్ళీ చూసినాడు. "తూర్పు రైలుకట్ట అని ఉంది నాయనా."

ఎవరూ మాట్లాడల్యా. లోపల కుక్కర్ విజిల్ ఒకటే వినపడింది. మద్రాసు నుంచి మన కడప మీదుగా రాయచూరుకు రైలు లైను 1871కి పూర్తయింది, కమలాపురం దానిమీదనే ఉంది.

దావలో మామ ఒక్క మాట అనల్యా. కమలాపురం గేటు పడి బండి ఆపినప్పుడు, రైలు పోతాంటే అప్పుడన్న్యాడు, "అంటే మా పెద్దోళ్ళు దొంగలంటావా?" నేను అట్లా అనల్యా. 1858లో మాన్యాలు విచారించేదానికి ఇనాం కమిషన్ వచ్చింది, మాన్యాలున్నోళ్ళంతా హక్కు చూపించండి అన్నారు. ఎన్నో తరాలుగా దీపం పెడతాండే మనిషికి భూమి ఉంది, దీపం ఉంది, కాయితం లేదు. దొరకు కాయితం కావాల. అప్పుడు ఏం చేస్తాడు? కరణం దగ్గరికి పోతాడు. రాయలు ఇచ్చినాడా లేదా ఈ కాయితం చెప్పలేదు, కానీ ఆ కాలంలో ఎవరో మా ఇంటి మనిషి భూమి పోతాదని భయపడినాడని మాత్రం నేరుగా చెప్తాంది. నాకు అది రాయలకంటే దగ్గరగా అనిపించింది, మామకు అనిపించల్యా.

కాయితం వెనక మూలన చిన్నగా టి.డి. అని రాసి ఒక నంబరు ఉంది, ఇన్నేళ్ళూ ఎవరూ చూడల్యా. టైటిల్ డీడ్, అంటే ఇనాం కమిషన్ ఇచ్చిన హక్కు పత్రం. ఆ నంబరుంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఆ మాన్యం ఎవరి పేరున, ఏం రుజువు చూసి ఒప్పుకున్నారో ఉండాల. సోమవారం లీవు పెట్టినా, రికార్డు రూముకు పోవాల. మామ కూడా వస్తాడంట. కాయితం నా బ్యాగులో పెట్టుకుంటా అంటే ఒప్పుకోల్యా, ఎర్ర గుడ్డలో చుట్టి ఆయనే తెస్తాడంట.