సోమవారం సెలవు, మెకాంగ్ బస్సు

వియత్నాంలోని సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ నగరం) ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు శని, ఆదివారాలు సెలవులు కావు. మామూలు రోజుల్లో పిల్లలు బడి అయ్యాక సాయంత్రం సెంటర్‌కు వస్తారు, శని ఆదివారాలైతే పొద్దున్నుంచే క్లాసులు. ఊరంతా షికార్లకు పోయేటప్పుడు మేం బోర్డు ముందు ఉంటాం. ఊరంతా పనిలో పడ్డాక, సోమవారం మాకు తీరిక. మొదట్లో ఇదేం సెలవు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ సోమవారం కోసమే వారమంతా ఎదురుచూస్తాను. బస్సులో సీటు దొరుకుతుంది, ఎక్కడా తోపులాట ఉండదు.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. డిగ్రీ, ఇంగ్లిష్ బోధనకు ఇచ్చే టెఫెల్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, వాటి మీద స్టాంపులు, అన్నీ కుదిరితే వర్క్ పర్మిట్ ఇస్తారు, అదీ ఒక విడతకు రెండేళ్లకు మించకుండా. ఇంగ్లిష్ మన పుట్టు భాష కాదు కాబట్టి అదే పనికి తెల్లవాళ్ల కన్నా జీతం తక్కువ. ఇది న్యాయం కాదు. క్లాసులో పిల్లల ముఖాలు చూశాక మాత్రం ఆ కోపం నిలవదు.

కొత్తలో అందరిలాగే నగరం చూశాను. 1891లో పూర్తయిన ఫ్రెంచి కాలపు పోస్టాఫీసు, యుద్ధ మ్యూజియం, ట్రూంగ్ దిన్ వీధిలో తమిళులు కట్టుకున్న మారియమ్మ గుడి. మాది ఐ.పోలవరం మండలం, గౌతమి దాటితే యానాం. ఫ్రెంచి పాలన కథ మాకు కొత్త కాదు. వియత్నాం ఉత్తరాన దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది 1954 మేలో. యానాం వాళ్ల చేతిలోంచి జారిపోయింది ఆ మరుసటి నెల, జూన్‌లో. చిన్నప్పటి నుంచి యానాం విమోచన గురించి వింటూనే ఉన్నా, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం సైగాన్ వెళ్లాకే.

అయితే నన్ను పట్టుకున్నది నగరం కాదు, దానికి నైరుతిగా ఉన్న మెకాంగ్ డెల్టా. బస్సెక్కితే రెండు గంటల్లో బెన్ త్రె. మి థో దాటాక నది మీద పెద్ద వంతెన వస్తుంది. 2009లో అది తెరిచేదాకా మనుషులూ లారీలూ పంటు మీదే దాటేవాళ్లట. యెదుర్లంక దగ్గర వంతెన పడకముందు యానాం వెళ్లాలంటే రేవులో ఎంతసేపు పడిగాపులు కాసేవాళ్లో అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

వంతెన దిగితే ఎటు చూసినా కొబ్బరే. కాలువ గట్టున ఒకతను నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, ఒక్క మెలి తిప్పి డొక్క ఊడదీస్తున్నాడు. అంబాజీపేట చుట్టుపక్కల ఒలుపు కార్మికులదీ అదే వేగం. తేడా ఆ తర్వాతే. మన కాయ చాలావరకు లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది, ధర పడిపోతే రైతు కాయలు రాశి పోసుకుని కూర్చుంటాడు. అక్కడ కొబ్బరి పాలు, నూనె, పీచు, చిప్ప బొగ్గు, అన్నీ ఆ చుట్టుపక్కలే తయారవుతాయి. మన దగ్గర పీచు మిల్లులు లేవని కాదు, కాయ మీద వచ్చే లాభం ఊళ్లో నిలిచేది తక్కువ. నాకు బాధ అక్కడే.

కొబ్బరి బిళ్లలు చేసే చోట చాలాసేపు నిలబడ్డాను. కొబ్బరి పాలను మొలకెత్తిన ధాన్యంతో తీసిన తీపి పాకంతో కలిపి, బాణలిలో ముద్దయ్యేదాకా తిప్పుతారు. వేడివేడిగా అచ్చుల్లో సాగదీసి, ముక్కలు కోసి, ఒక్కొక్కటీ పల్చటి బియ్యపు పొరలో చుడతారు. ఆ పొర తీయక్కర్లేదు, నోట్లో కరిగిపోతుంది. చుడుతున్నావిడ ఒకటి నా చేతిలో పెట్టగానే ఆత్రేయపురం గుర్తొచ్చింది. మన దగ్గర బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే రేకు లేస్తుంది. అక్కడ మరిగే నీళ్ల గిన్నెకు గుడ్డ బిగించి కట్టి, దాని మీద పిండి గుండ్రంగా పరిచి, ఆవిరికి ఉడికాక వెదురు పుల్లతో లేపి తడికెల మీద ఆరబెడతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే, పని ఆపి మరీ చూశారు.

మా సెంటర్‌లో నా క్లాసుకు సాయంగా ఉండే అమ్మాయిది బెన్ త్రె. ఓ సోమవారం వాళ్లింటికి తీసుకెళ్లింది. చూరు కింద నడుమెత్తు సిమెంటు గాబులు వరసగా, మూతలు పెట్టి ఉన్నాయి. అన్నిట్లో వాన నీళ్లే. వాళ్లమ్మ ఒక మూత తీసి, చెంబుతో ముంచి, గ్లాసులో పోసి ఇచ్చింది. 2016లో, మళ్లీ 2020లో, సముద్రపు ఉప్పు నది వెంట చాలా లోపలికి వచ్చేసింది. 2020లో బెన్ త్రెతో కలిపి అయిదు ప్రావిన్సుల్లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. తాగే నీళ్లు కొనుక్కోవాల్సి వచ్చిందని ఆవిడ చెబుతుంటే కూతురు నాకు ఇంగ్లిష్‌లో చెప్పింది. ఎగువన చైనా, లావోస్‌లలో ఆనకట్టలు నీటినీ ఒండ్రునూ పట్టేస్తున్నాయి. కింద ఇసుక తోడేస్తున్నారు, బోర్లతో నేల కుంగుతోంది. ఆ దేశపు ధాన్యంలో సగం పండే నేల అది.

వాళ్ల కొత్త సంవత్సరం తెత్ సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అరుగు మీద ఇదంతా చెబుతుంటే బాబాయి అందుకున్నాడు. "అక్కడా ఉప్పెక్కేస్తందా అమ్మాయ్? మరి వాళ్లేం చేస్తన్నారు?"

బాబాయిది కాలువ శివారు పొలం. ధవళేశ్వరంలో నీళ్లు వదిలినా ఇక్కడికి చేరేసరికి దాళ్వాకు, అంటే రబీ పంటకు, చాలవు. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, మురుగు దిగదు. 2011లో కోనసీమ రైతులు సార్వా నాట్లు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించిన రోజులు ఆయన మర్చిపోలేదు. ఇప్పుడు పక్క చేను రొయ్యల చెరువైంది, ఈయన చేలో ఉప్పు తేలింది. లీజుకిచ్చేద్దామా అని ఊగిసలాడుతున్నాడు.

డెల్టా దక్షిణ కొసన ఉన్న కా మావ్ వైపు ఒకే చేలో రెండూ చేస్తారని చెప్పాను. ఎండాకాలం ఉప్పునీరు వచ్చినప్పుడు రొయ్య, వానలు పడి ఉప్పు కడిగేశాక వరి. మడి చుట్టూ కాలువ, మధ్యలో నాట్లు. బాబాయి ఒక పట్టాన నమ్మలేదు. తర్వాత లోపలికెళ్లి కాగితం తెచ్చాడు. చుట్టూ కాలువ ఎంత లోతు? ఉప్పు పోయిందని ఎలా తెలుసుకుంటారు? ఏ విత్తనం తట్టుకుంటుంది? అన్నీ రాసి, చివర్లో ఇంకోటి చేర్చాడు: ఉత్త వరి మాత్రమే వేసుకునే పక్క రైతు ఏమంటున్నాడు?

అన్నిట్లోకీ అదే అసలు ప్రశ్న. కా మావ్ ఒక్క సోమవారంలో తేలేది కాదు, రాత్రి స్లీపర్ బస్సెక్కాలి. మంగళవారం క్లాసులు ఇంకో టీచర్‌కు అప్పగించాను. రైతులతో మాట్లాడేంత భాష నాకు రాదు కాబట్టి బెన్ త్రె అమ్మాయి కూడా వస్తోంది. బాబాయి కాగితాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి ముందే ఆమెకు పంపాను.