నీళ్లు తేటగా వచ్చేదాకా

ఆర్వీ, అంటే ఇల్లులా వాడుకునే బండి, టాయిలెట్ ట్యాంక్ ఖాళీ చేస్తున్నాను. పైపు చివరి గాజులాంటి ముక్కలో నీళ్లు ఇంకా మురికిగానే పోతున్నాయి. వాల్వ్ తెరిచే ఉంచి, ఫ్లష్ నీళ్లు మళ్లీ వదిలాను. ఆర్వీలోంచి మా పాప, "నాన్నా, ఇంకెంతసేపు?" అంటోంది. తేటగా వచ్చేదాకా తల్లీ.

ముందు టాయిలెట్ మురికి ఉండే బ్లాక్ ట్యాంకే ఖాళీ చేయాలి. సింకు, షవర్ నీళ్లుండే గ్రే ట్యాంక్ ఆ తర్వాత. ఆ సబ్బు నీళ్లతోనే గొట్టం కడిగినట్టవుతుంది. ఎవరు ఆలోచించారో కానీ ఈ వరస నాకు భలే నచ్చింది.

పక్క బండి పెద్దాయన బ్లాక్ వాల్వ్ పొద్దున్నుంచీ తెరిచే ఉంచారు. అలా చేస్తే నీరు జారిపోయి, గట్టిదంతా అడుగున పేరుకుని ఎండిపోతుంది. మూడింట రెండు వంతులైనా నిండాక తెరిస్తేనే ఊపుగా పోతుంది. ఉండబట్టలేక వెళ్లి చెప్పాను. వెంటనే మూసేశారు.

నాకు గ్లౌజులు, గొట్టం, వాల్వ్ అన్నీ ఉన్నాయి. ఒక్క చుక్క మీద పడలేదు. మన దగ్గర సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులు దిగుతున్నారు. అలా దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా ఊపిరాడక చనిపోయారన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. గొట్టం పట్టుకున్నంతసేపూ నాకు వాళ్లే గుర్తొచ్చారు. చాలా కోపం వచ్చింది.

ఈ వేసవిలో ఆర్వీ అద్దెకు తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఖాళీ చేశాక వాల్వ్ మూసి, టాయిలెట్‌లోంచి కొన్ని గ్యాలన్ల నీళ్లు పోయండి. తాగే నీళ్ల పైపుని మాత్రం ఈ పనికి అస్సలు వాడొద్దు.